నోవై ఉద్యానవనములు – మన నడవడి

మన దేవాలయమునకు వచ్చు కుటుంబములలో అమెరికాలో బంధువులు గలవి నేడు తక్కువ కావు. ఒకరి మేనల్లుడు చదువునకు పోయెను. ఒకరి కుమార్తె కాపురమునకు పోయెను. సెలవులలో పెద్దలు సముద్రములు దాటి వారిని చూచి వచ్చుచున్నారు. అట్లు పోయివచ్చినవారు చెప్పు ముచ్చటలలో మిచిగన్ రాష్ట్రమందలి నోవై పట్టణము పేరు తరచుగా వినబడుచున్నది. డెట్రాయిటు నగరమునకు వాయవ్యముగా, ఓక్లండు కౌంటీలో నున్న ఈ పట్టణమున 2020 జనాభా లెక్కల ప్రకారము 66,243 మంది కలరు. మోటారుకార్ల పరిశ్రమ నాశ్రయించి వచ్చిన తెలుగు ఇంజనీర్ల కుటుంబములు అచ్చట హెచ్చుగా స్థిరపడినవి. టాఫ్టు రోడ్డు మీద శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయము కలదు. రోమను అంకెలలో ఆరవ సంఖ్యను, అనగా ఆరవ మజిలీని సూచించు గుర్తునుండి ఊరికి ఆ పేరు వచ్చెనని ఒక కథ చెప్పుదురు. కథ ముచ్చటగానే యున్నది గాని చరిత్ర నెరిగినవారు దానిని నమ్మరు.

పోయివచ్చినవారు ఆలయమును మెచ్చుకొనిన వెంటనే ఒక ఫిర్యాదు కూడ చెప్పుచుందురు. "అంతంత పెద్ద పార్కులు, చల్లని చెట్లు, పక్కనే సరస్సు, కాని పూవు కోయరాదు, వంటకట్టెలు తేరాదు, బాతులకు రొట్టె వేయరాదు, చెట్టు మొదట నిప్పులు పోయరాదు, నీటిలో ఏమియు విడువరాదు. ఎటు చూచినను రాదు రాదు అను పలకలే. మావారు పన్ను కట్టుట లేదా?" అని వారి బాధ.

ఈ మాటను మేము తేలికగా త్రోసివేయజాలము. ఏలయన, మన ముత్తాతలు ఓడ దిగి ఈ మారిషస్ ద్వీపమున చెరకుతోటలలో అడుగుపెట్టిన నాటినుండి నియమమను మాటకు మన యిండ్లలో ఒక చేదు అర్థము కలదు. తోట విడిచి పోవలెనన్న చీటీ కావలెను. 1867 నాటి శాసనము ప్రకారము ఒప్పందపు గడువు తీరినవాడు సైతము తన ఛాయాచిత్రము గల టికెట్టును వెంట నుంచుకొనవలసి యుండెను. లేనిచో దిమ్మరి యని పట్టుబడును. ఆ నియమమును వ్రాసినవాడు దానికి లోబడువాడు కాడు. లోబడువాడు దానిని వ్రాసినవాడు కాడు. లాభము దొరది, భారము కూలివానిది. అట్టి నియమమును చాటుగా తప్పించుకొనుటయే ఆనాడు తెలివి యనిపించుకొనెను. ఆ తెలివి మన రక్తములో కొంత మిగిలియున్నదని మాకు తోచుచున్నది. పలకను చూడగానే దొర కన్నుగప్పి పోవుదమను బుద్ధి పుట్టును.

కాని ఉద్యానమునకు దొర ఎవడు? నోవైలో వాల్డు లేకు అను సరస్సు కలదు. దాని ఒడ్డున నేడు పెవిలియన్ షోర్ పార్కు అని పిలువబడు చోట ఒకప్పుడు పెద్ద నాట్యశాల యుండెను. డబ్బిచ్చి లోనికి పోవలసిన విలాసస్థలము. అది 1965లో దగ్ధమయ్యెను. నేడు అదే తీరమున ఎవరైనను, ఏ రంగువారైనను, ఏ భాషవారైనను పైకము చెల్లింపక కూర్చుండి నీటిని చూడవచ్చును. ఆ సరస్సునకే ఆనుకొని లేక్‌షోర్ పార్కు కలదు; ఈతకు ఇసుకతీరము, వనభోజనములకు నీడ, అడవిలో కాలిబాటలు, సైకిళ్ళ త్రోవలు. వీటికి యజమాని ఊరివారందరు. తోటలో పలక దొర సొత్తును మననుండి కాపాడుటకు పెట్టబడెను. ఉద్యానములో పలక మన సొత్తును మన అజాగ్రత్తనుండి కాపాడుటకు పెట్టబడినది. రెండును ఒకే తీరున కనబడినను రెండును ఒకటి కావు. ఇంతమాత్రము చెప్పిన చాలదు. ప్రతి పలక వెనుకను ఒక కారణముండవలెను, ఆ కారణము తెలిసినగాని మనస్సు లోబడదు. మాకు తెలిసినంతవరకు కొన్నిటి కారణములను ఇచ్చట వ్రాయుచున్నాము.

మొదట పూలమాట, ఏలయన మనవారికి మిక్కిలి కష్టముగా తోచునది అదియే. మిచిగన్ అడవులలో మే మాసమున చెట్లు పూర్తిగా చిగుర్చకమునుపే నేలయంతయు తెల్లగా ట్రిలియం అను పూవు పూయును. మూడు ఆకులు, మూడు రేకులు. చూచినవారికి మారేడుదళము జ్ఞప్తికి రాక మానదు. సోమవారము ఉదయము నడకకు పోయిన భక్తురాలి చేయి దానివంక చాగుట సహజము. కాని ఈ మొక్క గింజనుండి మొలిచి తొలిపూవు పూయుటకు ఏడేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును. గింజలను చీమలు మోసికొనిపోయి నాటును. ఏడాదికి ఒక్కసారి ఆ మూడాకులే వేయును. పూవుతోపాటు ఆకులు తెంపినచో ఆ సంవత్సరమునకు దానికి తిండి లేదు. దుంపలో దాచుకొన్నది చాలకున్న అది చచ్చును, లేదా మరల పూయుటకు ఏండ్లు పట్టును. ఆరేండ్ల పిల్లవాడు తెంపిన పూవు వాని వయస్సుకంటె పెద్దదై యుండవచ్చును.

అందుచేతనే మిచిగన్ శాసనసభ 1962లో ఒక చట్టము చేసి, నేల యజమాని అనుమతి లేక ట్రిలియంను, ఆ దేశపు ఆర్కిడ్ పూలను, మరికొన్ని మొక్కలను కోయుటగాని త్రవ్వుటగాని నిషేధించెను. ఆ పట్టికలో మన కమలమునకు తోబుట్టువు కూడ కలదు. ప్రపంచములో కమలజాతులు రెండే: మన ఎర్ర, తెల్ల కమలమొకటి, ఉత్తర అమెరికాలోని పసుపుపచ్చ కమలము రెండవది. ఈ పచ్చ కమలము ఈరీ సరస్సు తీరపు మడుగులలో పూయును. 2004లో మిచిగన్ రాష్ట్రము దానిని పరిశుద్ధజలమునకు చిహ్నముగా ప్రకటించెను. లక్ష్మీపూజకు దానిని కోయబోవువారు ఈ సంగతి తెలిసికొని పోవుట మేలు. అడుగక తెచ్చిన పూవు పూజకు పనికిరాదని మన యిండ్లలో అవ్వలు చెప్పుచుండుట అందరును విన్నదే గదా. ఆ మాటకు అమెరికా చట్టము అడ్డు చెప్పుట లేదు, బలమిచ్చుచున్నది.

బతుకమ్మ పండుగ సంగతి కొంత భిన్నమైనది, దానిని కోపముగాక ఓపికతో విచారింపవలెను. తెలంగాణములో తంగేడు బీడునేలల నిండ పూయును. గునుగు చేల గట్లమీద కలుపువలె పెరుగును. ఆడపడుచులు తట్టలకొలది కోసినను తరుగదు. చెరువులో కలిపినను చెరువునకు కీడు లేదు. ఆ ఆచారము ఆ నేలకు తగినట్లే పుట్టినది. అదే పండుగ దినములలో, సెప్టెంబరు అక్టోబరు మాసములలో, మిచిగన్ మైదానములందు గోల్డెన్‌రాడ్ అను పూవు పచ్చగా విరియబూయును. దూరమునుండి చూచినచో తంగేడే యనిపించును. ఇంటినుండి వేలాది మైళ్ళ దూరమున నున్న ఆడబిడ్డకు ఆ రంగు కంటబడినప్పుడు గుండె ఎట్లగునో మేము గ్రహింపగలము. కాని సరిగా ఆ దినములలోనే మోనార్కు అను నారింజవన్నె సీతాకోకచిలుకలు కెనడానుండి, మిచిగన్‌నుండి మెక్సికో కొండలకు ప్రయాణము కట్టును. దారిబత్తెము ఆ పచ్చపూల తేనెయే. వీని పిల్లపురుగులు తినునది మన జిల్లేటి కుటుంబములోని మొక్క. ఒక బతుకమ్మకు ఒక తట్టెడు పూలు పెద్దలెక్క కాదు. నూరు బతుకమ్మలకు నూరు తట్టలు ఒకే మైదానమునుండి పోయినచో ఆ యేడు ఆ మైదానమున చిలుకలకు బత్తెముండదు. కావున అచ్చటి స్త్రీలు పెరటిలో బంతి, చేమంతి పెంచుకొనుట, లేదా పూలతోటల రైతులయొద్ద కొనుట ఉత్తమము. బతుకమ్మకు లోపమేమియు రాదు. ఆమె పూలనడుగును గాని ఫలానా మైదానపు పూలనే అడుగదు.

కోయుటయే పాపమని మేము అనుట లేదు. మన ద్వీపమున చలికాలములో ప్లేన్ షాంపేన్ ప్రాంతమునకు పిల్లజెల్లలతో పోయి ఎర్రని చిన్న చీనాజామపండ్లు బుట్టలనిండ కోసికొని వచ్చుట మనకందరకు ప్రియము. ఆ చెట్టు బ్రెజిలునుండి వచ్చి మన స్వదేశపు అడవిని ఊపిరాడకుండ చేసినది. దాని పండు కోసిన నష్టమేమున్నది? అక్కడ తగిన పని ఇక్కడ తగదు. ఏ నేలకు ఏది చేటో తెలిసికొనుటయే పని.

కట్టెల సంగతి యిట్టిదే. వనభోజనమునకు ఇంటినుండి కట్టెలు తీసికొనిపోవుటలో తప్పేమని తోచును. మిచిగన్‌లో ఈ నిషేధము ఊరకనే పుట్టలేదు. 2002లో డెట్రాయిటు ప్రాంతమున, నోవైకి గంటప్రయాణములోపున, యాష్ అను వృక్షములు ఎండిపోవుటకు కారణమొక పచ్చని చిన్న పెంకుపురుగని కనిపెట్టిరి. అది ఆసియానుండి సరుకుల పెట్టెల చెక్కలలో దాగి వచ్చినదని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. దాని పిల్లపురుగు బెరడు క్రింద వంకరటింకర దారులు తొలిచి, ఆకులనుండి వేళ్ళకు పోవు ఆహారమార్గమును తెంచివేయును. మన కొబ్బరిచెట్లను కొమ్ముపురుగు చంపుట చూచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. అదియు బయటినుండి వచ్చినదే. ఈ పచ్చపురుగు తనంతట తాను ఏడాదికి కొలది మైళ్ళకంటె ఎక్కువ ఎగురదు. అది వందలకొలది మైళ్ళు పోయినది మనుష్యుల బండ్లలో, వంటకట్టెల మోపులలో. కోట్లాది యాష్ చెట్లు చచ్చినవి. కట్టెలు మోసినవారిలో ఒక్కడైనను చెట్లను చంపవలెనని మోయలేదు. చలిమంట వేసికొని పిల్లలకు కథలు చెప్పవలెననియే మోసిరి.

ఓకు చెట్టునకు మేకు కొట్టి తోరణము కట్టుట, ఉయ్యాలకై త్రాడు బిగించి బెరడు చీల్చుట, మరియొక చిక్కు. ఏప్రిలు 15 మొదలు జూలై 15 వరకు ఓకు కొమ్మలు నరుకవలదని మిచిగన్ అధికారులు చెప్పుచున్నారు. పచ్చిగాయపు వాసనకు చేరు చిన్న పురుగులు ఒక బూజువ్యాధిని మోసికొనివచ్చును. ఎర్ర ఓకు జాతి ఆ వ్యాధి సోకిన కొలది వారములలో నిలువున ఎండిపోవును. సరిగా ఆ మాసములే మన వనభోజనముల మాసములు. నిప్పులమాట ఒక్క ముక్కలో చెప్పవచ్చును. చెట్టు తిండివేళ్ళలో హెచ్చుభాగము నేలకు మూరెడులోతులోనే యుండును. మొదట పోసిన బొగ్గులు వానిని కాల్చును, చెట్టుక్రింద నిలిపిన బండ్లు వానిని నొక్కి ఊపిరి తీయును.

ఇక దయాగుణముచేత జరుగు కీడు. అంగడిలో అమ్మకమునకు పెట్టిన సజీవమైన చేపనో తాబేలునో కొని నీటిలో విడిచినచో ఒక ప్రాణమును రక్షించితిమను తృప్తి కలుగును. 2017లో నోవైలోనే, హేగర్టీ రోడ్డు చెంతనున్న వాననీటి గుంటలో ఎర్ర క్రేఫిష్ అను జీవి బయటపడెను. రొయ్యకు పీతకు నడుమనున్నట్లు కనబడు ఈ జీవి దక్షిణాన మెక్సికో సింధుశాఖ తీరప్రాంతములది, మిచిగన్‌ది కాదు. ఆహారముగను, అక్వేరియములకును, పాఠశాలల బోధనకును సజీవముగ అమ్మబడుచుండుట దీనికి ప్రయాణసాధనము. ఇది గట్టున లోతైన బొరియలు త్రవ్వి గట్టును కూల్చును. నీటిమొక్కలను మేసి, చేపల గ్రుడ్లు తిని, స్వదేశజీవులకు చోటు లేకుండ చేయును. వాననాడు గుంట విడిచి నేలమీద నడిచి వేరొక గుంటకు పోవును. నాటినుండి రాష్ట్రపు జీవశాస్త్రజ్ఞులు బోనులు పెట్టి పట్టుచునే యున్నారు. ఇట్టి సంగతి మనకు వింత గాకూడదు. డోడో పక్షిని ఓడవాండ్రు తిని అంతమొందించిరని లోకము చెప్పును. కాని వారు విడిచిన పందులు, కోతులు, వారి ఓడలనుండి దిగిన ఎలుకలు నేలమీది గూళ్ళలో గ్రుడ్లను తినివేయుట ఆ వినాశమునకు ముఖ్యకారణమని పండితులు చెప్పుచున్నారు. డోడో పుట్టిన ద్వీపమువారు నీటిలో ఏమి విడిచిన ఏమగును అని అడుగుట తగదు.

జింకలకు మేత వేయుట మిచిగన్ దిగువ ద్వీపకల్పమంతట 2019 జనవరి 31 నుండి నిషేధింపబడెను. 2015లో అచ్చటి అడవిజింకలలో దేహమును కృశింపజేయు ఒక రోగము కనబడినది. ఒకేచోట మూతులు కలిపి మేసినప్పుడు అది ఒకదానినుండి మరియొకదానికి అంటును. బాతులకు రొట్టె వేసినచో అవి వలసపోవుట మాని గుంపులుగా చేరి ఈతతీరమును మలినము చేయును. ఆ నీటిలోనే మన పిల్లలు ఆడుదురు. భూతదయ మన ధర్మమే. కాని ఆకలి లేనిదానికి అన్నము పెట్టుట దయ కాదు, ముచ్చట.

ఇంతవరకు చెట్లమాట, జంతువులమాట చెప్పితిమి. మనుష్యప్రాణములమాట చెప్పుటకే ఈ వ్యాసమునకు పూనుకొంటిమి.

2022 డిసెంబరు 26న, క్రిస్మసు మరునాడు, అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున వుడ్స్ కేన్యన్ లేకు అను కొండసరస్సునకు కొన్ని తెలుగు కుటుంబములు విహారమునకు పోయెను. సరస్సు గడ్డకట్టి తెల్లగా యుండెను. మంచుమీదికి పోయినవారి క్రింద అది విరిగినది. ఇద్దరు పురుషులు, ఒక స్త్రీ మరణించిరి. వారిలో ఇద్దరు భార్యాభర్తలు. వారి పేర్లు మేమిచ్చట వ్రాయము. వారు దుస్సాహసికులు కారు, త్రాగినవారు కారు. సెలవునాడు బిడ్డలతో బయలుదేరిన మనవంటి గృహస్థులు. గోదావరి, కృష్ణ ఒడ్డున పుట్టినవానికి గాని, మనవలె హిందూమహాసముద్రము నడుమ పుట్టినవానికి గాని గడ్డకట్టిన నీరు ఎట్టిదో ఒంటికి తెలియదు. మనకు నీరు లోతైనదని కన్ను చెప్పును, అల చెప్పును. మంచు ఏమియు చెప్పదు, గచ్చువలె కనబడును.

నోవైలో జనవరి మాసమున వాల్డు లేకు ఇట్లే తెల్లబడును. దానిమీద చేపలు పట్టువారు కూర్చుండియుందురు. వారిని చూచి మనవారికి ధైర్యము వచ్చును. వారు చిన్ననాటినుండి మంచు నెరిగినవారు. గునపముతో పొడిచి మందము చూచి అడుగు వేయుదురు. మినెసోటా రాష్ట్రపు అధికారులు ఒక్క మనిషి నడచుటకు కొత్తగా కట్టిన పారదర్శకమైన మంచు నాలుగంగుళములైన నుండవలెనని చెప్పుదురు. తెల్లని మంచునకు అందు సగమే బలము. మంచు సరస్సంతట ఒకే మందముగా నుండదు. ఊటలున్నచోట, వాగు చేరుచోట, వంతెనల క్రింద పలుచగా నుండును. పైన కురిసిన హిమము కంబళివలె కప్పి క్రిందిమంచును గట్టిపడనీయదు. ఏ మంచును పూర్తిగా నమ్మదగినది కాదని ఆ అధికారులే వ్రాయుచున్నారు.

పడినచో ఏమి జరుగునో కూడ చెప్పుట మా బాధ్యత. అతిశీతలజలములో మొదటి నిమిషమున ఊపిరి తనకు తాను ఎగబీల్చుకొనును. ఆ నిమిషము తల పైకి నిలుపుకొని ఊపిరిని అదుపులోనికి తెచ్చుకొనుటయే పని. తరువాత సుమారు పది నిమిషములు మాత్రమే కాలుసేతులు చెప్పినమాట వినును. ఆ వ్యవధిలో, వచ్చిన దారివంకకే తిరిగి (ఆవైపు మంచు నిన్ను మోసినది గదా), చేతులు మంచుమీద చాచి, కాళ్ళతో ఈతకొట్టినట్లు తన్నుచు పైకి జారవలెను; పైకి వచ్చిన పిమ్మట లేచి నిలువక దొర్లుచు దూరముగా పోవలెను. గట్టునున్నవారు పరుగెత్తి పోగూడదు. త్రాడో, కొమ్మయో, చీరయో విసరవలెను. 911కు ఫోను చేయవలెను. మొదటివానిని రక్షింపబోయి రెండవవాడు, వాని వెనుక మూడవవాడు పోవుట ఎన్ని చోట్లనో జరిగినది.

వేసవిలో మిచిగన్ మహాసరస్సు తీరమున మరియొక ఆపద. అది సరస్సని పేరేగాని సముద్రమువలె అలలు, లాగివేయు ప్రవాహములు గలది. రాష్ట్రోద్యానముల తీరములందు రెండు ఎర్రజెండాలు ఎగిరినప్పుడు నీటిలో దిగుట 2022 నుండి నిషిద్ధము. మన పగడపుదిబ్బల లోపలి నిశ్చలజలములలో ఈతనేర్చినవారు దీనిని జ్ఞాపకముంచుకొనవలెను.

పలకలు పెట్టువారిని మేము పొగడుటయే పనిగా పెట్టుకొనలేదు. నియమము పెట్టుట ఎంత ధర్మమో, హెచ్చరిక చేరునట్లు చేయుటయు అంత ధర్మము. 2014 జూన్ 8న హిమాచలప్రదేశమున బియాస్ నదిలో దిగి ఛాయాచిత్రములు తీసికొనుచున్న హైదరాబాదు విద్యార్థులు 24 మంది, ఎగువ ఆనకట్టనుండి వదలిన నీరు ఒక్కసారిగా వచ్చిపడగా కొట్టుకొనిపోయిరి. నది నిషిద్ధమని ముందుగ గట్టిగా తెలిపినవారు అచ్చట లేరు. ఆ బిడ్డల తల్లిదండ్రులు ఒక్క పలక, ఒక్క కంచె యుండినచో అని ఎన్నిసార్లు తలచియుందురో! పలకలు హెచ్చైనవని విసుగుకొనువారు ఈ సంగతిని కూడ తలచవలెను. అట్లే, చదువరాని భాషలో పెట్టిన పలక సగము పలకయే. మనవారి వృద్ధులు నెలలకొలది బిడ్డలయొద్ద నుండుటకు పోవుచున్నారు. ఉదయము ఒంటరిగా నడకకు పోవుదురు. ఆంగ్లము వారిలో అనేకులకు రాదు.

మన ఆచారములను దేశాంతరమువారు అణచివేయుచున్నారను మాటను మేము అంగీకరింపము. హుస్సేన్‌సాగరములో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వినాయకులను కలుపరాదని 2021లో చెప్పినది తెలంగాణ ఉన్నత న్యాయస్థానమే. ఆ యేటికి మాత్రము సుప్రీంకోర్టు సడలింపు నిచ్చెను. ఆ సున్నపుపిండి త్వరగా కరగదు, దాని రంగులు నీటిని విషము చేయును. మట్టి వినాయకుని తొట్టిలో కలిపి ఆ మట్టిని తులసిమొదట పోయువారు అమెరికాలో అనేకులు కలరు. స్వామి అలిగిన సూచన మాకేదియు కనబడలేదు.

తోటనియమమునకును ఊరినియమమునకును గల భేదమును పైన చెప్పితిమి. దానికి ఒక పరీక్ష కలదు: ఈ నియమము తప్పని తోచినచో నీవు ఎవరియెదుట నిలిచి చెప్పగలవు? 1867లో మన ముత్తాతకు అట్టి చోటు లేదు. మిచిగన్‌లో 1976 నాటి బహిరంగ సభల చట్టము ప్రకారము నగరసభలు, ఉద్యానముల విచారణసంఘములు తలుపులు తెరచి కూడవలెను. అచ్చటకు వచ్చిన ఎవరికైనను మాటాడుటకు అవకాశమీయవలెను. పెద్ద గుంపులకు అనుమతిపత్రముల రుసుము హెచ్చైనచో అచ్చట చెప్పవచ్చును. పండుగకు చీకటిపడువరకు వెసులుబాటు కావలసినచో అచ్చట అడుగవచ్చును. పార్కుమూల గొణిగినందువలన ఫలము లేదు; సైగచేసి పూవు తెంపినందువలన అసలే లేదు.

నోవైలోని మన బంధువులకు మేము వ్రాయబోవు ఉత్తరములో కోరునది ఇదియే. వచ్చు శీతకాలమునకు ముందుగా ఆలయసభ్యులు నలుగురు ఆ సభకు పోయి, రాదు రాదు అను పలకలు హెచ్చైనవని కాక, ఇంకొక్క పలక కావలెనని అడుగవలెను. వాల్డు లేకు ఒడ్డున, ఆంగ్లమునకు క్రింద, తెలుగు అక్షరములలో, ముసలి కండ్లకు కనబడునంత పెద్దవిగా: మంచుపై నడవకుడు.